ఆఫర్ లెటర్ సరే, వీసాకు ముందు పెట్టాల్సిన డబ్బు మాటేమిటి?

సందేహం: బెంగళూరు మారతహళ్ళిలో ఉంటున్నాం. లండన్ కంపెనీ ఒకటి ఏడాదికి 56,000 పౌండ్ల ఆఫర్ ఇచ్చి, మూడేళ్ళ స్కిల్డ్ వర్కర్ వీసాకు స్పాన్సర్ చేస్తామంది. ఇక్కడ నాకు 90 రోజుల నోటీసు ఉంది. భార్య, నాలుగేళ్ళ బాబు నాతోపాటే వస్తారు. ఇప్పుడే రిజైన్ చేయవచ్చా? చేతిలో ఎంత ఉండాలి?

జవాబు: తమ్ముడూ, రెండో ప్రశ్నే మీరు ముందు అడగాల్సింది. ఆఫర్‌లో 56,000 అని చూడగానే మనవాళ్ళు దాన్ని రూపాయల్లోకి మార్చి సంబరపడతారు. పన్ను, నేషనల్ ఇన్సూరెన్స్ (జీతంలోంచి ప్రభుత్వం కోసుకునే సామాజిక బీమా) పోగా నెలకు చేతికొచ్చేది 3,600 పౌండ్ల లోపే. పెన్షన్ కోత ఉంటే ఇంకా తగ్గుతుంది. అదీ మొదటి నెల గడిచాకే. కట్టాల్సినవన్నీ అంతకుముందే కట్టాలి.

అన్నిటికన్నా పెద్దది హెల్త్ సర్‌చార్జి, అంటే అక్కడి ప్రభుత్వ వైద్యం వాడుకోవడానికి ముందే కట్టే రుసుము. పెద్దవాళ్ళకు ఏడాదికి 1,035 పౌండ్లు, పిల్లలకు 776. ఏటా కట్టేది కాదు, మూడేళ్ళదీ దరఖాస్తు రోజునే ఒక్కసారిగా కట్టాలి. మీ ముగ్గురికీ 8,538 అవుతుంది. దానికి వీసా ఫీజు కలపండి: 2025 ఏప్రిల్ రేటు ప్రకారం మనిషికి 769, అంటే 2,307. మొత్తం 10,845 పౌండ్లు. పౌండు 120 రూపాయలనుకుంటే దాదాపు 13 లక్షలు. వీసా తిరస్కరిస్తే సర్‌చార్జి వెనక్కి వస్తుంది, ఫీజు రాదు. రేట్లు మారుతుంటాయి కాబట్టి కట్టేముందు ప్రభుత్వ సైటులో ఒకసారి చూసుకోండి. కార్డుకు అంతర్జాతీయ చెల్లింపులు తెరిపించి, లిమిట్ పెంచుకోండి. చాలామందికి దరఖాస్తు ఆగిపోయేది ఇక్కడే.

ఇది కాక, ఖాతాలో నిలవ చూపించాలి. మీకు 1,270, భార్యకు 285, బాబుకు 315, కలిపి 1,870 పౌండ్లు వరుసగా 28 రోజులు కదలకుండా ఉండాలి. మధ్యలో ఒక్కరోజు తగ్గినా లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. షేర్లు, మ్యూచువల్ ఫండ్లు, పీఎఫ్ లెక్కలోకి రావు. చీటీ పాడిన డబ్బయినా ఖాతాలో పడి 28 రోజులు నిండాల్సిందే. మారకం రేటును దరఖాస్తు రోజున చూస్తారు, అందుకే సరిగ్గా సరిపోయేంత కాక పాతిక వేల రూపాయలైనా ఎక్కువ ఉంచండి. కంపెనీ స్పాన్సర్ లైసెన్సుకు ఏ-రేటింగ్ (ప్రభుత్వం ఇచ్చే పూర్తి స్థాయి గుర్తింపు) ఉంటే మొదటి నెల మీ కుటుంబాన్ని తామే చూసుకుంటామని స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్‌లో (వీసా దరఖాస్తుకు కంపెనీ ఇచ్చే పత్రం) రాయవచ్చు. రాస్తే ఈ తిప్పలుండవు. హెచ్‌ఆర్‌ని అడగండి, అడిగితేనే చేస్తారు.

బెంగళూరు ఇంటి అడ్వాన్సును మాత్రం ఈ లెక్కలో కలుపుకోకండి. ఖాళీ చేశాక, పెయింటింగ్ ఖర్చు కోసుకుని, ఓనరు ఇచ్చేసరికి మీరు లండన్‌లో ఉంటారు. ఇంగ్లండ్‌లో మామూలు అద్దె ఇంటికి డిపాజిట్ ఐదు వారాల అద్దెకు మించకూడదని చట్టం ఉంది. ఆ డిపాజిట్, మొదటి నెల అద్దె, నెలన్నర తిండి ఖర్చు విడిగా ఉంచుకోండి. ఎవరి దగ్గరా చేయి చాపకుండా ఇంగ్లండ్‌లో నిలదొక్కుకున్నవాళ్ళంతా ఈ డబ్బు ముట్టుకోకుండా దాచుకున్నవాళ్ళే.

ఇక రాజీనామా. ఆఫర్ లెటర్ చూసి పేపర్ వేయకండి. స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్ ఇచ్చిన మూడు నెలల్లోపు దాన్ని వాడాలి, చేరే తేదీకి మూడు నెలల ముందు నుంచే దరఖాస్తుకు వీలుంటుంది. బయోమెట్రిక్స్ (వేలిముద్రలు, ఫోటో) ఇచ్చాక నిర్ణయం మామూలుగా మూడు వారాల్లో వస్తుంది. మూడు నెలల ముందే దరఖాస్తు చేసి, వీసా వచ్చాకే రిజైన్ చేస్తే 90 రోజుల నోటీసుకు మూడు వారాలు తక్కువ పడతాయి. కానీ చేరే తేదీ దాటాక కూడా ఉద్యోగంలో చేరడానికి 28 రోజుల వెసులుబాటు ఉంటుంది కాబట్టి ఒడ్డున పడతారు. నిర్ణయం ఆలస్యమైతే మాత్రం మిగిలిన రోజులకు నోటీసు పే కట్టాల్సిందే. అది ఎవరు భరిస్తారో ఇప్పుడే తేల్చుకోండి.

టీబీ పరీక్ష ముందే చేయించండి. ఆమోదిత క్లినిక్‌లు బెంగళూరులోనూ చెన్నైలోనూ ఉన్నాయి, సర్టిఫికెట్ ఆరు నెలలు చెల్లుతుంది. ఎక్స్‌రేలో అనుమానం వస్తే కఫం పరీక్షకు రెండు నెలలు పట్టవచ్చు. పెళ్ళి రిజిస్టర్ కాకపోతే అదీ ఇప్పుడే చేయించండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, డిగ్రీ మీద ఇనీషియల్‌గా ఉండటం మనలో మామూలే. స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్ మీద మాత్రం పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి.

స్పాన్సర్ లైసెన్సు ఫీజు, స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్ ఫీజు, ఇమిగ్రేషన్ స్కిల్స్ చార్జి (విదేశీయులను తీసుకునే కంపెనీ ప్రభుత్వానికి కట్టే రుసుము), ఈ మూడూ కంపెనీవే. వీటికి మీ దగ్గర డబ్బు అడిగేవాడు ఏజెంటయినా యజమానయినా తప్పుకోండి. లైసెన్సున్న కంపెనీల జాబితా ప్రభుత్వ సైటులో అందరూ చూడవచ్చు. వీసా ఫీజు, సర్‌చార్జి కంపెనీయే పెట్టుకుంటానంటే సంతోషమే. కానీ ఫలానా గడువులోపు మానేస్తే తిరిగి కట్టాలన్న షరతు వాళ్ళిచ్చే ఒప్పంద కాగితంలో ఉండవచ్చు. ఆ మొత్తం నెలనెలా తగ్గుతూ పోవాలని, వాళ్ళే తీసేస్తే కట్టనక్కర్లేదని సంతకానికి ముందే రాయించుకోండి.