పురాణాల పేర్లు పెట్టుకున్న షాపుల్లో మీకు బాగా నవ్వు తెప్పించింది ఏది?

నెల్లూరులో ఒక మెస్. పేరు రాయను, గొడవలెందుకు, అరణ్యవాసంలో సూర్యుడు ధర్మరాజుకిచ్చిన పాత్ర గుర్తొచ్చే పేరు అనుకోండి.

పెళ్లి బట్టలకని కావలి నుంచి మా అత్తగారు వాళ్లు వచ్చారు. షాపింగ్ అయ్యేసరికి రెండున్నర, అందరికీ కడుపు నకనకలాడుతోంది. చేపల పులుసు తినిపిస్తానని నేనే గొప్పగా తీసుకెళ్లా. తీరా కూర్చున్నాక సర్వర్ వచ్చి, అన్నం అయిపోయింది, మళ్లీ పెట్టాం, అరగంట పడుతుంది అన్నాడు. బయట ఫుల్ మీల్స్ బోర్డు మాత్రం అలాగే ఉంది, అది తీయరు కదా. సరే, పులుసన్నా ఉందా అంటే "పులుసుంది సార్, ముక్కల్లేవు." మా అత్తగారు వంటింటి వైపు ఒకసారి చూసి, "ఏం నాయనా, ద్రౌపది భోంచేసేసిందా?" అన్నారు. ఆ అబ్బాయి కౌంటర్లో కూర్చున్నావిడ వైపు చూసి, "లేదండీ, మేడం ఇంకా తినలేదు" అన్నాడు.

నిజానికి ఆ పేరులో తప్పేం లేదు. ద్రౌపది తినేదాకే ఆ పాత్ర ఎంతమందికైనా పెడుతుంది, ఆ తర్వాత ఆ పూటకి ఖాళీ. దుర్వాసుడు శిష్యుల్ని వెంటేసుకుని సరిగ్గా ఆవిడ తిన్నాకే దిగాడు, కృష్ణుడొచ్చి అంచుకి అంటుకున్న కూరాకు నోట్లో వేసుకోకపోతే పాండవుల పని అయిపోయేది. పేర్లు పెట్టేవాళ్లు కథ సగం విని లేచిపోతారని నా గట్టి నమ్మకం. తిక్కన 15 పర్వాలు రాసిన ఊరండీ ఇది! అరణ్యపర్వం ఆయన వాటాకి రాలేదనుకోండి, అయినా సరే.

ఇంక ఫైనాన్సులు, చీటీల వాళ్లయితే ఎక్కడ చూసినా కుబేరుడే. ఆయన ధనానికి అధిపతే, కాదనను. కానీ లంక ముందు ఎవరిది? ఆయనదే. సవతి తమ్ముడు రావణుడు అడిగితే తండ్రి మాట మీద ఊరు ఖాళీ చేసి కైలాసం వైపు వెళ్లిపోయాడు, వాడు అక్కడికీ పోయి కొట్టి పుష్పక విమానం కూడా లాక్కొచ్చాడు. సొంత ఆస్తే నిలబెట్టుకోలేనాయన పేరు చూసి నేను చీటీ కట్టాలా? అప్పులిచ్చేవాళ్లు పెట్టుకుంటే మాత్రం భేషుగ్గా కుదురుతుంది, పెళ్లికని ఆయన దగ్గర తీసుకున్న అప్పుకి తిరుమల వెంకన్న ఇప్పటికీ వడ్డీయే కడుతున్నాడంటారు, అసలు జోలికి ఇంకా రాలేదట.