మాటలు పట్టించుకోకపోతే ఆరోగ్యానికేం అవుతుంది అన్నవారికి

"జనం మీలాంటివాళ్లని నాలుగు మాటలంటారు, పట్టించుకోకపోతే సరి, దానికీ ఆరోగ్యానికీ ఏం సంబంధం?" అని ఒకరు నన్ను అడిగారు. నేను ట్రాన్స్ మహిళను, ఉండేది హైదరాబాద్‌లో. మాటల సంగతి పక్కన పెట్టి నా యూరిన్ ఇన్ఫెక్షన్ గురించి చెప్తాను.

పనిచేసే చోట ఆడవాళ్ల టాయిలెట్‌కి వెళ్తే గొడవ, మగవాళ్లదానికి వెళ్లాలంటే భయం. అందుకని పొద్దున బయల్దేరితే రాత్రి ఇల్లు చేరేదాకా మంచినీళ్లు ముట్టేదాన్ని కాదు, మే నెలలో కూడా. నీళ్లు తాగక, వచ్చినా ఆపుకుంటే మంట, జ్వరం రాకుండా ఉంటాయా?

డాక్టరుకి చూపించుకోవచ్చుగా అంటారు. ఓపీ చీటీ ఆధార్‌లో ఉన్న పేరుతో రాస్తారు. చీర కట్టుకుని, జడ వేసుకుని బెంచీ మీద కూర్చున్న నన్ను ఆ మగపేరుతో గట్టిగా కేకేస్తారు. లేవగానే హాలంతా నావైపే చూపులు. లోపల డాక్టరుగారు మంట గురించి ఒక్క ముక్క అడిగి, ఆపరేషన్ ఎప్పుడు, ఎక్కడ అని ఆరాలు తీశారు. పక్కన స్టూడెంట్ల ముసిముసి నవ్వులు. ఆ తర్వాత ఎప్పుడు జ్వరమొచ్చినా మెడికల్ షాపే దిక్కు. యాంటీబయాటిక్ రెండు రోజులు వేసుకోవడం, తగ్గగానే ఆపేయడం, మళ్లీ రావడం. (2019 ట్రాన్స్‌జెండర్ చట్టం వైద్యంలో వివక్ష కూడదనే అంటుంది. ఆ నవ్వులకు కేసు పెట్టేదెవరు?)

ఒళ్లు ఆడవాళ్లలా మారడానికి వాడే హార్మోన్లూ మావాళ్లలో చాలామందికి షాపువే. గర్భనిరోధక మాత్రలు తెచ్చి ఎక్కువెక్కువగా మింగుతారు. వాటిలోని ఈస్ట్రోజన్‌తో కాళ్ల రక్తనాళాల్లో గడ్డలు కట్టే ప్రమాదముంది, సిగరెట్లు కాలిస్తే మరీను. రక్తపరీక్ష ఊసే ఉండదు.

మగవాళ్లనే ఇష్టపడే గే కుర్రాళ్ల బాధ పైకి కనపడదు. ఇంట్లో తెలిసిపోతుందేమోనన్న టెన్షన్‌తో నిద్ర పట్టదు, కొందరు తాగుడుకు అలవాటు పడతారు. 'మార్పిద్దామని' డాక్టర్ల చుట్టూ తిప్పే తల్లిదండ్రులు ఇంకా ఉన్నారు. అలాంటి చికిత్స చేయడం వృత్తిపరమైన తప్పని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది.

2021లో ఇక్కడే నారాయణగూడలో ట్రాన్స్ వాళ్ల కోసం మిత్ర్ క్లినిక్ పెట్టారు. నడిపేది మావాళ్లే. పిలవమన్న పేరుతోనే పిలిచారు, ఏ మందు పనిచేస్తుందో తెలిసే యూరిన్ కల్చర్ టెస్టు చేయించి పూర్తి కోర్సు వాడించారు. 2025 మొదట్లో అమెరికా నిధులు ఆగిపోయి మూతపడింది. మాతో ఉండే అమ్మాయి వెంటనే హార్మోన్ల కోసం మళ్లీ షాపు మాత్రలకు వెళ్లిపోయింది. తర్వాత టాటా ట్రస్ట్స్ సాయంతో సబ్‌రంగ్ పేరుతో తెరిచారు కానీ, ఆదిలాబాద్‌లోనో శ్రీకాకుళంలోనో ఉన్నవాళ్లు ఇక్కడిదాకా రాలేరు కదండీ.

మీరు ఆసుపత్రిలో పనిచేసేవారైతే చిన్న పని ఒకటి చేయొచ్చు. చీటీ రాసేటప్పుడు ఏ పేరుతో పిలవాలో అడగండి. కుదరకపోతే టోకెన్ నంబరుతో పిలిచినా చాలు.