ఇచికావాలందరూ చుట్టాలేనా?

ప్రశ్న: 1958లో వచ్చిన జపాన్ సినిమా ‘ఎన్‌జో’ చూశాను. దర్శకుడు ఇచికావా కోన్, హీరో ఇచికావా రైజో. అన్నదమ్ములా, బాబాయీ అబ్బాయా? కాబుకీ అనే జపాన్ సంప్రదాయ నాటకాల నటుల ఫొటోల కింద కూడా తరచూ ఇదే ఇంటిపేరు కనిపిస్తోంది. మన కూచిపూడిలో వేదాంతం వారు, చింతా వారు ఉన్నట్టు వీళ్ళంతా ఒక ఇంటివాళ్ళేనా?
(ఒక పాఠకురాలు, విజయనగరం)

జవాబు: వాళ్ళిద్దరికీ ఏ చుట్టరికమూ లేదు. కోన్‌ది (1915–2008) పుట్టుకతో వచ్చిన ఇంటిపేరు. ‘ఇచి’ అంటే సంత, ‘కావా’ అంటే ఏరు. మామూలు జనంలోనూ ఈ పేరువాళ్ళు చాలామంది ఉంటారు, తోక్యో పక్కన చిబా ప్రాంతంలో ఈ పేరుతో ఒక నగరమే ఉంది. రైజో (1931–1969) సంగతి వేరు. ఆయన పుట్టింది ఇంకో ఇంట్లో. పసితనంలోనే ఒక కాబుకీ నటుడు పెంచుకున్నారు, తర్వాత 1951లో ఇచికావా జుకాయ్ అనే పెద్ద నటుడు దత్తత తీసుకుని ‘ఎనిమిదవ రైజో’ను చేశారు. (కాబుకీలో రంగస్థలం పేరు ఒకరి తర్వాత ఒకరికి దక్కుతుంది, ఆ సంఖ్య ఎన్నవవాడో చెబుతుంది.) అంటే ఆ సినిమాలో ఒక ఇచికావా ఇంటి నుంచి, ఇంకో ఇచికావా రంగస్థలం నుంచి వచ్చి కలిశారన్నమాట.

కూచిపూడి పోలిక ఇక్కడ సగమే పనికొస్తుంది. కూచిపూడిలో వేదాంతం అనే ఇంటిపేరు పుట్టుకతో వస్తుంది. కాబుకీలో ఇంటిపేరు మూడు దారుల్లో వస్తుంది: కన్నకొడుకుకు, దత్తపుత్రుడికి, గురువు పేరుపెట్టి అనుమతించిన శిష్యుడికి. మూడో దారిలో వచ్చినవాళ్ళు ఎందరో ఉంటారు, అందుకే పోస్టర్ నిండా ఇచికావాలు.

ఈ కాబుకీ ఇచికావా వంశానికి మూలపురుషుడు మొదటి దంజూరో (1660–1704). ముఖానికి ఎర్ర గీతలు దిద్దుకుని, కళ్ళు మిటకరించి, రంగస్థలం దద్దరిల్లేలా నటించే ‘అరగోతో’ పద్ధతి ఆయన పెట్టిందే. చివరికి తోటి నటుడి చేతిలోనే కత్తిపోటుకు బలయ్యారు. తొమ్మిదవ దంజూరో 1903లో కొడుకులు లేకుండా పోయారు. ఆయన అల్లుడికి పదవ దంజూరో బిరుదు దక్కింది ఆ అల్లుడు కూడా పోయాకే. పదకొండవ దంజూరో 1962లో పేరు స్వీకరించేదాకా, 59 ఏళ్ళు, రంగస్థలం మీద దంజూరో అన్న పేరే లేదు.

ఆ పదకొండవ దంజూరో ఎవరి కొడుకనుకున్నారు? ఏడవ మత్సుమోతో కోషిరో కొడుకు. ఆ కోషిరోకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ఇచికావా ఇంటికి దత్తు వెళ్ళి దంజూరో అయ్యారు, రెండోవాడు మత్సుమోతోగానే ఉండి ఎనిమిదవ కోషిరో అయ్యారు, మూడోవాడు ఒనొఎ షోరొకు అయ్యారు. ఒక తల్లి బిడ్డలకు మూడు ఇంటిపేర్లు! ఇంటిపేరు చూసి చుట్టరికం లెక్కగడితే ఇక్కడే తప్పులో కాలేస్తాం.

ఇంకో తమాషా ఉంది. ఇప్పటి పదమూడవ దంజూరోకు పుట్టుకతో వచ్చిన ఇంటిపేరు ఇచికావా కాదు, హోరికోషి. ‘అసలు ఇచికావా ఇల్లు’ అనుకునేవాళ్ళకు అది రంగస్థలం పేరే, ఏ సంబంధమూ లేని దర్శకుడు కోన్‌కేమో సొంత పేరు.

మరి గుర్తుపట్టేదెలా? ‘యగో’ చూడండి. అది దుకాణం పేరులా వినిపించే ఇంటి గుర్తింపు. దంజూరో ఇంటి యగో ‘నరితయ’. మొదటి దంజూరో సంతానం కోసం నరితా గుడిలో ఫుదో దేవుణ్ణి మొక్కారని, అందుకే ఆ పేరని చెబుతారు. (ఫుదో అంటే కదలనివాడు. సంస్కృత బౌద్ధ గ్రంథాల ‘అచలుడు’ ఈయనే.) ఎన్నోసుకే శాఖవారు ‘ఒమొదకయ’, సదంజి పేరువారు ‘తకషిమయ’. ఇచికావా సొమెగోరో అని కనిపిస్తే జాగ్రత్త, ఆయన యగో ‘కోరైయ’, అంటే మత్సుమోతో ఇల్లు. 2018 జనవరిలో ఏడవ ఇచికావా సొమెగోరో కాస్తా పదవ మత్సుమోతో కోషిరో అయ్యారు, ఆయన కొడుకు ఎనిమిదవ సొమెగోరో అయ్యాడు. మనిషి అదే, ఇంటిపేరే మారింది.

ప్రశ్న: షరకు అనే జపాన్ చిత్రకారుడు వేసిన 1794 నాటి బొమ్మ నకలు కొన్నాను. ‘ఇచికావా ఎబిజో’ అని రాసి ఉంది. ఒక పుస్తకంలో ఆయనే ఐదవ దంజూరో అన్నారు. 2022లో దంజూరో అయింది కూడా ఎబిజోనే కదా! ఏది నమ్మాలి?
(ఒక పాఠకుడు, హన్మకొండ)

జవాబు: రెండూ నిజమే. చిక్కంతా పేర్లు మారే దిశలో ఉంది. ఈ కాలంలో కొడుకు మొదట షిన్నోసుకే, తర్వాత ఎబిజో, చివరికి దంజూరో. 2022 నవంబరులో జరిగింది ఇదే. పూర్వం తిరగబడేది. ఐదవ దంజూరో (1741–1806) 1791లో ఆ పేరు కొడుక్కిచ్చి తాను ఎబిజో అయ్యారు. ఏడవ దంజూరో కూడా 1832లో అలాగే చేశారు. కాబట్టి పాత బొమ్మ మీద ఎబిజో అంటే చాలాసార్లు పెద్దాయన, ఈనాటి పోస్టర్ మీదైతే ఇంకా దంజూరో కానివాడు.

ఐదో ఆయన చమత్కారి. తాతతండ్రులు పెద్ద సముద్రపు రొయ్యలు, నేను చిట్టిరొయ్యను అని చెప్పుకుని ‘ఎబి’కి వేరే అక్షరం వాడారు.

అందుచేత పేరొక్కటే రాసిపెట్టుకుంటే చాలదు. పేరు, ఎన్నవ తరం, ప్రదర్శన జరిగిన సంవత్సరం, ఈ మూడూ బొమ్మ వెనక కాగితం మీద రాయండి. సంవత్సరం తెలిస్తే మనిషి దొరుకుతాడు, సంఖ్య మాత్రమే ఉంటే అది ఎబిజోలలో సంఖ్యో దంజూరోలలో సంఖ్యో తేలక తికమక పడతారు. దుస్తుల మీద ‘మిమసు’ ముద్ర కోసమూ వెతకండి: బియ్యం కొలిచే మూడు చతురస్రపు చెక్క కొలపాత్రలు ఒకదానిలో ఒకటి పెట్టి పైనుంచి చూసినట్టుంటుంది. అది దంజూరో ఇంటి ముద్రే గానీ శిష్యులూ దాని మార్పురూపాలు వాడతారు. ముద్ర వల్ల ఇల్లు తెలుస్తుంది, మనిషి తెలియడు.

ప్రశ్న: ఇచికావా ముందా, కోన్ ముందా?
(ఒక విద్యార్థి, నెల్లూరు)

జవాబు: జపాన్‌లో ఇంటిపేరే ముందు, మనలాగే. ఇంగ్లిషు పుస్తకాలు తిప్పి రాస్తాయి. తెలుగులో రాసేటప్పుడు తిప్పాల్సిన పని లేదు. కాబుకీ నటుణ్ణి రెండోసారి ప్రస్తావించేటప్పుడు ‘ఇచికావా’ అనకండి, ‘దంజూరో’ అనండి. వాళ్ళూ అంతే చేస్తారు, లేకపోతే ఎవరి గురించో తెలియదు. దర్శకుడి విషయంలో ఇచికావా అంటే చాలు.

ప్రశ్న: తోక్యో వెళ్తున్నాను. కాబుకీ నాటకం మధ్యలో జనం నటుడి యగోను అరుస్తారట. నేనూ ‘నరితయ!’ అనవచ్చా?
(ఒక పాఠకురాలు, హైదరాబాద్)

జవాబు: మొదటిసారి వింటే చాలు. నటుడు భంగిమ బిగించి కళ్ళు తిప్పే ‘మిఎ’ సమయంలో, ఒక్క క్షణం ఖాళీలో పడాలి ఆ కేక. అర క్షణం ముందైతే సంభాషణ చెడుతుంది, ఆలస్యమైతే నవ్వులపాలు. పైగా ఇచికావా కదా అని సొమెగోరోను చూసి ‘నరితయ’ అన్నారనుకోండి, హాలంతా మీవైపు తిరుగుతుంది. తోక్యోలో గింజా పేటలోని కాబుకీజా నాటకశాలలో ఒక్క అంకానికే అమ్మే టికెట్లు ఉంటాయి, సీట్లు నాలుగో అంతస్తులో.