వీడియో పోకర్‌కి కూర్చునే ముందు ఆ రెండు అంకెలు చూడు

తమ్ముడూ, లాంగ్ వీకెండ్‌కి ఫ్రెండ్స్‌తో వెగాస్ వెళ్తున్నానని, స్లాట్స్ కంటే వీడియో పోకర్ నయమని ఎవరో చెప్పారని రాశావు. వాళ్లు చెప్పింది తప్పు కాదు గానీ సగమే చెప్పారు. డబ్బులు పోయేది చెప్పని ఆ సగంలోనే.

ఆట నేర్చుకోవడానికి ఐదు నిమిషాలు చాలు. మెషిన్ ఐదు ముక్కలు వేస్తుంది. కావాల్సినవి హోల్డ్ చేసి డ్రా నొక్కితే మిగతావి మారతాయి. ఇంకో ఛాన్స్ ఉండదు. ఎదురుగా మరో ఆటగాడు లేడు కాబట్టి ఎవరినీ బురిడీ కొట్టించే పని లేదు. ఎక్కువగా కనిపించే 'జాక్స్ ఆర్ బెటర్'లో జాకీల జతో, అంతకంటే పెద్ద జతో వస్తే నీ పందెం నీకు తిరిగొస్తుంది. రెండు జతలకి రెండింతలు, మూడు ఒకేలాంటి ముక్కలకి మూడింతలు, స్ట్రెయిట్‌కి (ఐదు ముక్కలూ వరస అంకెలైతే) నాలుగింతలు.

అసలు తేడా, దేనికి ఎంతిస్తారో చూపే పట్టికలో స్ట్రెయిట్‌కి పైనున్న రెండు వరసల్లో ఉంటుంది. ఫుల్ హౌస్‌కి (మూడు ఒకేలాంటివి, ఒక జత) 9, ఫ్లష్‌కి (ఐదూ ఇస్పేట్లో, ఐదూ ఆఠీన్లో, అలా ఒకే గుర్తువి) 6 ఇచ్చే మెషిన్లో తప్పుల్లేకుండా ఆడితే, దీర్ఘకాలంలో 99.54 శాతం వెనక్కొస్తుంది. 8, 5 అయితే 97.3. 6, 5 అయితే 95. చూడ్డానికి మూడు మెషిన్లూ ఒకేలా ఉంటాయి, బోర్డు మీద పేరు కూడా ఒకటే. పట్టిక మాత్రం తెర మీదే ఉంటుంది, ఎవరూ దాచరు. చదివేవాళ్లే తక్కువ.

నాలుగైదు శాతానికి ఇంత గోలెందుకంటావేమో. అమెరికా వచ్చిన కొత్తలో నేనూ అలాగే అనుకున్నాను. 25 సెంట్ల మెషిన్లో ఐదు కాయిన్లు వేస్తే ఒక్కో చేతికి (ఒకసారి ఆడే ఆటని 'చెయ్యి' అంటారు) డాలరున్నర కూడా కాదు, 1.25 డాలర్లు. చెయ్యి అలవాటు పడ్డాక గంటకి 600 చేతులు ఆడేస్తాం, అంటే 750 డాలర్ల పందెం. మొదటి మెషిన్లో గంటకి సగటున మూడున్నర డాలర్లు పోతాయి, రెండో దాన్లో ఇరవై, మూడో దాన్లో 37.50. ఇదంతా తప్పుల్లేకుండా ఆడితేనే. యూనివర్సిటీ ఇచ్చే అసిస్టెంట్‌షిప్ డబ్బుతో బతికేవాడికి ఇది చిన్న లెక్క కాదు. ఆ రోజుల్లో రూమ్‌కి వచ్చి పోయినదాన్ని రూపాయల్లోకి మార్చుకుంటే నాకు నిద్ర పట్టేది కాదు.

పొదుపనుకుని నేను చేసిన పని ఇంకా ఖరీదైనది. డాలర్ మెషిన్లో ఒక్కో కాయిన్ వేసి ఆడేవాణ్ణి. ఒక కాయిన్‌తో రాయల్ ఫ్లష్ (ఒకే గుర్తులో పది నుంచి ఆసు దాకా) పడితే 250 కాయిన్లే ఇస్తారు. ఐదు వేస్తే 4,000. ఐదింతల పందేనికి పదహారింతలు! నా పక్కన ఏ ముక్కలు ఉంచుకోవాలో చూపే, లామినేట్ చేసిన చార్టు ఒళ్లో పెట్టుకుని ఆడుతున్న ఓ పెద్దావిడ నన్ను చాలాసేపు చూసి, "పావలా మెషిన్లో ఐదు వెయ్యి, అదే నయం" అన్నట్టు చెప్పింది. అప్పుడు నా తెర మీద రెండు ఐదులూ ఓ ఇస్పేటు ఆసూ ఉన్నాయి. మూడూ హోల్డ్ చేశాను. ఆవిడ వేలు పెట్టి ఆసు వైపు చూపించి తల అడ్డంగా ఊపింది. జతతోపాటు ఆసుని ఉంచుకుంటే మూడో ఐదు వచ్చే దారి ఇరుకైపోతుంది. పెద్ద ముక్క వదలడానికి మనసొప్పదు, కానీ వదలాల్సిందే.

అలాంటివే ఇంకొన్ని. ఫ్లష్‌కి పనికొచ్చే ఒకే గుర్తు ముక్కలు నాలుగు ఉన్నా జాకీల జతని విరగ్గొట్టకు. చిన్న జతైతే మాత్రం ఆ నాలుగే ఉంచుకో. రాయల్‌కి ఒక్క ముక్క తక్కువగా ఉంటే చేతిలో ఉన్న ఫ్లష్‌నైనా వదిలేయొచ్చు. ఇవన్నీ బట్టీ పట్టక్కర్లేదు, చార్టు చేతిలో పెట్టుకుని ఆడినా కాసినోవాళ్లు ఏమీ అనరు. ఆడినదానికి పాయింట్లిచ్చే కాసినో ప్లేయర్స్ కార్డు ఉచితమే, మెషిన్లో పెట్టి ఆడు.

ఒక సంగతి ఎవరూ చెప్పరు. రాయల్ ఫ్లష్ సుమారు 40,000 చేతులకి ఒకటి పడుతుంది. ఆ 99.54లో దాదాపు రెండు శాతం దానిదే. అంటే రాయల్ పడనంత కాలం మంచి మెషిన్ కూడా 97.5 మెషిన్ లాగే ఉంటుంది. ఒక్క వీకెండ్‌లో అది పడుతుందని ఆశ పెట్టుకోకు. "ఇందాకటి నుంచి ఇవ్వలేదు, ఇప్పుడిస్తుంది" అని కూర్చునేవాళ్లని చూస్తావు. మెషిన్‌కి అలాంటి మొహమాటాలుండవు, ప్రతిసారీ కొత్తగా 52 ముక్కలు కలుపుతుంది.

ఇక నీకు 21 నిండాయి కదా? పాస్‌పోర్టో ఐడీయో జేబులో ఉంచుకో. ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద వచ్చినవాళ్లు మామూలుగా మొదటి ఐదేళ్లు పన్నుల లెక్కలో నాన్-రెసిడెంట్లే. డాలర్ మెషిన్లో రాయల్ పడి 4,000 వచ్చిందనుకో, 30 శాతం, అంటే 1,200 డాలర్లు అక్కడికక్కడే పట్టుకుంటారు. పోగొట్టుకున్న డబ్బు అందులోంచి తీసేసుకునే వీలు కూడా మనకి లేదు. హెచ్-1 (ఉద్యోగ వీసా) వాళ్ల లెక్క వేరు. ఆ రూల్స్ ఐఆర్ఎస్ (అమెరికా పన్నుల శాఖ) సైట్లో ఉన్నాయి, చదువుకో. నువ్వు మాత్రం పావలా మెషిన్ దగ్గరే ఉండు, పోగొట్టుకోగలిగినంత నగదే తీసుకెళ్లు, డెబిట్ కార్డు హోటల్ రూమ్ లాకర్లో పెట్టి తాళం వెయ్యి.