పాత మానిటర్ విప్పేటప్పుడు పాదరసం ఎక్కడుంటుందో గుర్తించడం

అన్నా, పాత ఎల్‌సీడీ మానిటర్ అంచున కనిపించిన సన్నటి తెల్ల గాజు గొట్టాలేమిటని అడిగారు కదా, అవి సీసీఎఫ్‌ఎల్ బ్యాక్‌లైట్లు, అంటే తెర వెనక నుంచి వెలుగిచ్చే సన్నటి ట్యూబ్‌లైట్లు, వాటిలో పాదరసం ఉంటుంది. ఒక్కోదాంట్లో కొన్ని మిల్లీగ్రాములే అయినా పగిలితే ఆవిరిగా గదిలో చేరుతుంది, కాబట్టి గొట్టాన్ని లాగకుండా, అది కూర్చున్న రేకు పట్టీతో సహా నెమ్మదిగా బయటికి తీయండి.

విప్పకముందే తెలుసుకోవాలంటే వెనక స్టిక్కర్ మీద మెర్క్యురీ అనో, పాదరసం గుర్తైన హెచ్‌జీ (Hg) అనో ఉందేమో చూడండి. విప్పాక లోపల చిన్న ట్రాన్స్‌ఫార్మర్లున్న ఇన్వర్టర్ బోర్డు (ఆ గొట్టాలకు ఎక్కువ వోల్టేజీ కరెంటు ఇచ్చే సర్క్యూట్), దాని నుంచి ప్యానెల్ అంచుకు జంటలుగా వెళ్లే మందపాటి వైర్లు కనిపిస్తే సీసీఎఫ్‌ఎల్ అనుకోవాల్సిందే. గొట్టం బదులు పసుపు చుక్కలున్న పట్టీ ఉంటే ఎల్‌ఈడీ, దాని గురించి టెన్షన్ వద్దు. పాత స్కానర్ లైట్లు, ప్రొజెక్టర్ బల్బులు కూడా అనుమానించాల్సినవే.

ఒకవేళ పగిలితే చీపురు, వాక్యూమ్ అస్సలు ముట్టుకోకండి. కిటికీలు తెరిచి పది పదిహేను నిమిషాలు అందరూ బయటే ఉండండి, తర్వాత గ్లవ్స్ వేసుకుని ముక్కల్ని గట్టి అట్టతో ఎత్తి, పొడిని టేపుతో అద్ది, అన్నీ మూత బిగిసే సీసాలో వేయండి. పగలనివి పేపర్లో చుట్టి, మామూలు పాత సామాన్ల కొట్టుకు కాకుండా పొల్యూషన్ బోర్డు దగ్గర నమోదైన ఈ-వేస్ట్ రీసైక్లర్‌కే ఇవ్వండి.