మిషన్ కంటే ముందు బట్ట తేల్చుకో

చిరంజీవి కిరణ్‌కు,
అత్తయ్య ఆశీస్సులు.

టీషర్టుల మీద బొమ్మలు ప్రింటు చేసే వ్యాపారం పెడతానని నువ్వు వాట్సాప్‌లో పంపిన కొటేషన్ రెండుసార్లు చదివాను. బొమ్మను ముందు ఫిల్ము మీద ముద్రించే డీటీఎఫ్ ప్రింటర్, దాని మీద జిగురు పొడి చల్లే పౌడర్ మిషన్, ఆ బొమ్మను వేడితో ఒత్తి అంటించే, మగ్గులకూ టోపీలకూ కూడా పనికొచ్చే కాంబో ప్రెస్సు, కటింగ్ ప్లాటర్, ఇంకులు, ఫిల్ములు అన్నీ ఉన్నాయి. టీషర్టు మాట మాత్రం ఎక్కడా లేదు. వీటి కోసం మీ అమ్మ గాజులు తాకట్టు పెట్టే ఆలోచనలో ఉన్నారని తెలిసి, ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను.

ముందు ఎవరికి అమ్ముతావో, వాళ్ళు ఏ బట్ట అడుగుతారో తేల్చుకో. మిగతా సామానంతా దాన్ని బట్టే. సబ్లిమేషన్ ఇంకు వేడికి ఆవిరై పాలిస్టర్ దారంలోకి ఇంకిపోతుంది. చేత్తో తడిమినా ప్రింటు తగలదు, ఉతికినా ఊడదు. కానీ కాటన్ మీద నిలవదు. ఆ ఇంకుల్లో తెలుపు ఉండదు కాబట్టి నల్ల బట్ట మీద కనిపించదు. లేత రంగు క్రికెట్ జెర్సీలకు అదే మేలు. జెర్సీల మీద పేర్లు, నంబర్లు మాత్రమే అయితే కత్తిరించి వేడితో అంటించే వైనిల్ షీటు చాలు. నీ చుట్టూ ఉన్నవి బెంగళూరు మారతహళ్ళి ఆఫీసులు, పీజీలు. వాళ్ళడిగేది కాటన్, అందులోనూ నలుపు, నేవీ బ్లూ. డీటీఎఫ్‌లో తెల్ల ఇంకు ఉంటుంది, కాటన్ మీదా అంటుతుంది కాబట్టి నీకు అదే సరిపోతుంది.

అయితే ఆ ప్రింటర్ ఇప్పుడే కొనకు. దాని తెల్ల ఇంకులో రంగు పొడి బరువుగా ఉండి అడుక్కి దిగిపోతుంది. రోజూ నడపకపోతే ఇంకు చిమ్మే హెడ్ మూసుకుపోతుంది. సంక్రాంతికి వారం ఊరెళ్ళి వచ్చినా చాలు, హెడ్ మార్చాల్సి రావచ్చు. బెంగళూరులో మీటరు లెక్కన డీటీఎఫ్ ప్రింటు తీసిచ్చేవాళ్ళు బోలెడుమంది. 60 సెంటీమీటర్ల రోలు మీద, మీటరుకి ఏ4 బొమ్మలు ఆరు పేర్చి, పక్కన మిగిలిన జాగాలో ఛాతీ మీద వేసే చిన్న లోగోలు సర్దుకోవచ్చు. ఏడాది పాటు అలా నడిపి, రోజూ ఫిల్ము కావాల్సినంత పని వస్తుంటే అప్పుడు ప్రింటర్ సంగతి చూద్దాం.

డబ్బు పెట్టాల్సింది ప్రెస్సు మీద. కాంబో వద్దు, టీషర్టులకు మాత్రమే అయినది తీసుకో. 38 బై 38 సెంటీమీటర్లది మొదట్లో చాలు. నోరు తెరిచినట్టు పైకి లేచే రకం తక్కువ జాగాలో పడుతుంది, కానీ టీషర్టు సర్దేటప్పుడు చేతులు వేడి ప్లేటు కిందే ఉంటాయి. పై ప్లేటు పక్కకు తిరిగే రకం నాకిష్టం.

షాపులో ప్రెస్సు స్క్రీన్ మీద 160 డిగ్రీలు కనిపించగానే సరే అనేయకు. ఇరవై నిమిషాలు వేడెక్కనిచ్చి, టెంపరేచర్ గన్‌తో నాలుగు మూలలూ మధ్యా చూడు. ఎస్పీ రోడ్డులో ఆ గన్ దొరుకుతుంది. ఏ మూలైనా పది పదిహేను డిగ్రీలు తక్కువుంటే అక్కడ ప్రింటు అంటదు, రెండు ఉతుకుల్లో అంచు లేస్తుంది. ఇక ఒత్తిడి. ప్లేటు చల్లగా ఉన్నప్పుడే నాలుగు మూలల్లో కాగితం ముక్కలు సగం బయటికి ఉండేలా పెట్టి ప్రెస్సు మూసి, ఒక్కొక్కటీ లాగు. అన్నీ ఒకేలా బిగిసి ఉండాలి. ఒకటి సులువుగా జారి వచ్చిందంటే ఆ మూలన పట్టు లేదు. షాపువాడు విసుక్కున్నా సరే, ఇది చేయకుండా డబ్బు కట్టకు.

ఆ సైజు ప్రెస్సు దాదాపు 1800 వాట్లు లాగుతుంది, అంటే ఎనిమిది ఆంపియర్లు. ఫోన్ ఛార్జర్ పెట్టే 6 ఆంపియర్ల ప్లగ్గు, ఎక్స్‌టెన్షన్ బాక్సు పనికిరావు. అద్దె ఇల్లయినా ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్‌తో 16 ఆంపియర్ల పాయింటు వేయించు.

టీషర్టులు తిరుపూరు నుంచి తెప్పించు. 180 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి 180 గ్రాముల బరువు), నూగు పోయేలా ఎంజైములతో ఉతికిన బయోవాష్ కాటన్ అని అడుగు. ముందు పదే కొను. ఒకదాని అంచు నుంచి దారం లాగి అగ్గిపుల్లతో కాల్చి చూడు. కాటన్ అయితే కాగితం కాలిన వాసనతో బూడిదవుతుంది. పాలిస్టర్ కలిస్తే కరిగి, గట్టి పూసలా ముద్ద కడుతుంది.

ఈ దారం సంగతి నాకు నష్టపోయాకే తెలిసింది. ఒక కాలనీ సంఘం నవంబర్ 1 కర్ణాటక రాజ్యోత్సవానికి 60 ఎర్ర టీషర్టులు అడిగింది. కాటన్ అని చెప్పి అమ్మినవాడి మాట నమ్మి తెల్ల అక్షరాలు వేశాను. రాత్రి మల్లెపువ్వుల్లా ఉన్నాయి. పొద్దున మూట విప్పితే అన్నీ గులాబీ రంగు. ఆ బట్టలో పాలిస్టర్ ఉంది. వేడికి దాని ఎర్ర రంగే పైకి లేచి తెలుపులోకి దిగింది. మొత్తం డబ్బు వాపసిచ్చాను, ఆ నెల అద్దెకు మీ నాన్న సర్దాడు. అప్పటి నుంచీ కొత్త లాటు ఏది వచ్చినా ఒకటి ప్రెస్ చేసి, రెండు రోజులాగి, ఉతికి చూశాకే మిగతావి ముట్టుకుంటాను.

టెఫ్లాన్ షీట్లు, బటర్ పేపరు, నూగు తీసే రోలరు కొనుక్కో. ప్రింటు పెట్టేముందు ఉత్త టీషర్టుని ఐదు సెకన్లు ఒత్తు. వానాకాలం బట్టలో ఎంత చెమ్మ ఉంటుందో ఆ ఆవిరి చూస్తే నీకే తెలుస్తుంది. డీటీఎఫ్‌కి సాధారణంగా 150 నుంచి 160 డిగ్రీలు, పది పదిహేను సెకన్లు. ఫిల్ము వేడి మీద లాగాలా, చల్లారాక లాగాలా అన్నది ప్రింటు ఇచ్చినవాణ్ణే అడుగు. చల్లారాక లాగాల్సింది తొందరపడి లాగితే అక్షరాల మూలలు లేచి వచ్చేస్తాయి. తీశాక బటర్ పేపరు వేసి ఇంకోసారి ఒత్తు.

కన్నడ అక్షరాలు వేసేటప్పుడు మన లిపిలాగే ఉందిగా అని నువ్వే సరిచూసుకోకు, కన్నడ వచ్చినవాళ్ళకి చూపించు. ఐపీఎల్ రోజుల్లో జట్ల లోగోలు అడుగుతారు. అనుమతి లేకుండా వేయకు.

ఆదివారం మా ఇంటికి రా. టెంపరేచర్ గన్ ఇస్తాను, సోమవారం మిషన్ చూడ్డానికి పట్టుకెళ్దువు. నువ్వు కొనాలనుకుంటున్న టీషర్టు ఒకటి తెచ్చుకో, దారం లాగి చూద్దాం. గాజులు మాత్రం అప్పటిదాకా బీరువాలోనే ఉండనీయమని అమ్మతో చెప్పు.

ప్రేమతో,
అత్తయ్య