అమ్మోనియా కంప్రెసర్‌కు లిక్విడ్ తిరిగి వస్తుంటే ఏం చూడాలి?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గరి పల్లె. ఐటీఐ చేసి, మూడు నెలల క్రితం సౌదీ అరేబియాలోని దమ్మాంలో ఒక కోల్డ్ స్టోరేజీలో చేరాను. రాత్రి షిఫ్టులో కంప్రెసర్ క్రాంక్‌కేస్‌కు (ఆయిల్ ఉండే అడుగు భాగానికి) మంచు పట్టి, టకటకమని చప్పుడు వస్తోంది. వాల్వ్ ప్లేట్లు మార్చిన పది రోజులకే మళ్లీ విరిగాయి. ఏం చేయాలన్నా?

జవాబు: తమ్ముడూ, రెండుసార్లు ప్లేట్లు విరిగాయంటే తప్పు ప్లేట్లది కాదు. ఎవాపరేటర్‌లో, అంటే గదిని చల్లబరిచే కాయిల్‌లో, ఆవిరి కావలసిన అమ్మోనియాలో కొంత ద్రవంగానే సక్షన్ లైన్ (కాయిల్ నుంచి వాయువును తెచ్చే పైపు) గుండా కంప్రెసర్‌లోకి వస్తోంది. మన ఊళ్లో బోరు మోటారు నీటిని నెడుతుంది, గాలి తగిలితే పాడవుతుంది. కంప్రెసర్ సంగతి దీనికి తలకిందులు. అది వాయువును నొక్కడానికే తయారైన యంత్రం. ద్రవం నొక్కుడుకు లొంగదు కాబట్టి, పిస్టన్ పైకి వచ్చినప్పుడు ఆ దెబ్బ ప్లేట్ల మీద, కనెక్టింగ్ రాడ్ల మీద పడుతుంది. అంతకుముందే ఆ ద్రవం క్రాంక్‌కేస్‌లోని ఆయిల్‌ను చల్లబరచి, నురగలు కట్టించి, ఆయిల్ ప్రెషర్‌ను పడగొడుతుంది కనుక బేరింగులు కూడా లోలోపల అరిగిపోతుంటాయి.

సక్షన్ పైపు మీద మంచు చూసి కంగారుపడకండి, సున్నాకు దిగువన నడిచే ప్లాంటులో అది మామూలే. మంచు క్రాంక్‌కేస్ దాకా పాకితేనే ప్రమాదం. అన్నిటికన్నా నమ్మదగిన గుర్తు డిశ్చార్జ్ ఉష్ణోగ్రత, అంటే కంప్రెసర్ నుంచి బయటికి వెళ్లే వాయువు వేడి. ఎవాపరేటర్ మైనస్ 10, కండెన్సర్ (వాయువు తిరిగి ద్రవమయ్యే చోటు) 35 డిగ్రీల దగ్గర ఒకే దశలో నడిచే పిస్టన్ కంప్రెసర్‌లో డిశ్చార్జ్ 100 డిగ్రీలు దాటడం సహజం. కండెన్సర్ ప్రెషర్ మారకుండానే అది 60, 50కి జారుతోందంటే లిక్విడ్ వస్తున్నట్టే. సక్షన్ సూపర్‌హీట్ (ఆ ప్రెషర్‌కు అమ్మోనియా మరిగే ఉష్ణోగ్రత కన్నా పైపులోని వాయువు ఎంత వేడిగా ఉందో ఆ తేడా) కూడా లెక్క కట్టండి: గేజ్ 1.9 బార్ చూపిస్తే అమ్మోనియాకు అది మైనస్ 10 డిగ్రీలు, అప్పుడు పైపు కూడా దాదాపు మైనస్ 10లోనే ఉంటే సూపర్‌హీట్ లేనట్టు. అయితే ఫ్లడెడ్ పద్ధతి (కాయిల్ ఎప్పుడూ ద్రవంతో నిండి ఉండే) ప్లాంట్లలో సూపర్‌హీట్ ఎప్పుడూ తక్కువే కాబట్టి, ఆ ఒక్క అంకె మీద తీర్పు చెప్పకుండా డిశ్చార్జ్‌తో కలిపి చూడాలి. స్క్రూ కంప్రెసర్ కొద్దిపాటి ద్రవాన్ని ఓర్చుకుంటుంది గానీ, దాని బేరింగులకూ ఆయిలే ప్రాణం.

ఇక అసలు కారణాన్ని కంప్రెసర్ గదిలో కాక బయట వెతకాలి. సక్షన్ అక్యుమ్యులేటర్‌లో (కంప్రెసర్‌కు ముందు ద్రవాన్ని పట్టి ఉంచే ట్యాంకులో) లెవెల్ ఎక్కువగా ఉందా, ఫ్లోట్ స్విచ్ అంటుకుపోయిందా, హ్యాండ్ ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌ను (లిక్విడ్ ఫీడ్‌ను చేత్తో సరిచేసే వాల్వ్‌ను) ఎవరైనా అతిగా తెరిచి వదిలేశారా, ఎవాపరేటర్ ఫ్యాన్లు ఆగి కాయిల్ మంచుతో మూసుకుపోయిందా అన్నవి వరుసగా చూడండి. మీకు రాత్రిపూటే వస్తోందన్నారు కాబట్టి నా అనుమానం మాత్రం హాట్ గ్యాస్ డీఫ్రాస్ట్ (వేడి వాయువు పంపి కాయిల్ మీది మంచు కరిగించడం) మీదే ఉంది. డీఫ్రాస్ట్ ముగిసేసరికి కాయిల్‌లో ప్రెషర్ ఎక్కువగా, అడుగున ద్రవం నిలిచి ఉంటుంది. పెద్ద సక్షన్ వాల్వ్‌ను ఒక్కసారిగా తెరిస్తే అదంతా కంప్రెసర్ వైపు దూకుతుంది. నేను వచ్చిన మొదటి ఏడాదిలో సరిగ్గా ఈ తప్పే చేశాను. పైగా మరుసటి రోజు ప్లేట్లు మార్చి, కారణం వెతక్కుండానే యంత్రాన్ని నడిపాను. రెండోసారి కనెక్టింగ్ రాడ్ కూడా పోయింది. హాట్ గ్యాస్ కట్టేశాక చిన్న బ్లీడ్ వాల్వ్ ద్వారా ప్రెషర్‌ను మెల్లగా సక్షన్ స్థాయికి దించి, ఆ తర్వాతే పెద్ద వాల్వ్ తెరవాలని అప్పుడు నేర్చుకున్నాను.

చప్పుడు మొదలైన క్షణంలో కంప్రెసర్ లోడ్ తగ్గించి, సక్షన్ స్టాప్ వాల్వ్‌ను కొద్దికొద్దిగా మూసి, అక్యుమ్యులేటర్‌కు వెళ్లే లిక్విడ్ ఫీడ్ ఆపండి. అప్పటికీ ఆగకపోతే యంత్రాన్ని ఆపేయండి. కొత్తవాడిని, ఆపితే ఏమంటారో అన్న భయం వద్దు. గంటసేపు ఆగితే సరుకు చెడదు, రాడ్ విరిగి బాడీ పగిలితే ప్రాణాలకే ముప్పు. ఆగాక సక్షన్ వాల్వ్ మూసి, క్రాంక్‌కేస్ హీటర్ వేసి, ఆయిల్ వెచ్చబడి నురగ పోయేవరకు మళ్లీ స్టార్ట్ చేయకూడదు. మంట పెట్టి వేడి చేయడం మాత్రం ఎవరు చెప్పినా చేయవద్దు. గాలిలో 300 పీపీఎం (పది లక్షల భాగాల్లో 300) అమ్మోనియా ఉన్నా ప్రాణాపాయంగా లెక్కిస్తారు కనుక, పర్మిట్, సరైన మాస్క్, పక్కన రెండో మనిషి లేకుండా ఏ జాయింటూ విప్పవద్దు.

ఈ రాత్రి నుంచే డిశ్చార్జ్ ఉష్ణోగ్రత, ఆయిల్ ప్రెషర్, అక్యుమ్యులేటర్ లెవెల్‌ను గంట గంటకూ లాగ్ షీట్‌లో రాయండి, డీఫ్రాస్ట్ ఏ కాయిల్‌కు ఏ నిమిషంలో జరిగిందో పక్కనే నమోదు చేయండి. మీకు అరబ్బీ రాకపోయినా, ఇంగ్లీషు తడబడినా, డీఫ్రాస్ట్ అయిన ప్రతిసారీ డిశ్చార్జ్ పడిపోతున్నట్టు ఆ కాగితం చూపిస్తే మీ ఫోర్‌మాన్‌కు వాదన అక్కరలేదు.